డీఎస్సీకి ముందు ఎంఈడీ అవసరమా?

ప్రశ్న: బీఎస్సీ, బీఈడీ చేసి ఆరేళ్లుగా ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతున్నాను. డీఎస్సీ కంటే ముందు ఎంఈడీ చేయమంటారా?
– ఒక టీచర్, తుర్కయాంజాల్

జవాబు: డీఎస్సీ కోసమైతే అక్కర్లేదండి. స్కూల్ అసిస్టెంట్‌కు డిగ్రీ, బీఈడీ, టెట్ చాలు. 2024 డీఎస్సీలో రాతపరీక్షకు 80 మార్కులు, టెట్ వెయిటేజీ 20, ఎంఈడీకి సున్నా. ముందు టెట్ స్కోరు పెంచుకోండి.

బీఈడీ కాలేజీలో చెప్పాలనుంటే మాట వేరు. సబ్జెక్టులో పీజీ, ఎంఈడీ రెండూ 55 శాతంతో ఉండాలి; ఆపైన నెట్టో పీహెచ్‌డీనో. మీకింకా ఎమ్మెస్సీ లేదు. పైగా 2015 నుంచి ఎంఈడీ రెండేళ్లు, రోజూ క్లాసులు. ఉస్మానియాలో సీటు సీపీగెట్ ద్వారా. సాగర్ రోడ్డు ట్రాఫిక్ మీకు తెలియంది కాదు, ఉద్యోగం చేస్తూ కుదరదు.

అయితే ఒకటి. ఆరో తరగతి పిల్ల 1/2 + 1/3 = 2/5 అని రాస్తే ఇంటూ కొట్టి దిద్దేస్తాం. ఎంఈడీ డిసర్టేషన్‌లో ఆ పిల్లను కూర్చోబెట్టి, పైవి పైవాటితో, కిందివి కిందివాటితో ఎందుకు కూడావని అడుగుతారు. దీనికి మీ మేనేజ్‌మెంటు ఒక్క రూపాయి పెంచదనుకోండి! ఈసారి పేపర్లు దిద్దేటప్పుడు పదిమందిని అలా అడిగి చూడండి. ఆ పని రుచిస్తే దూరవిద్యలో ఎమ్మెస్సీ మొదలుపెట్టండి, ఎంఈడీ ఆ తర్వాత.