ఫోర్క్‌లో ఉన్న సవరణ మూల లైబ్రరీకి చేరేదెలా?

సందేహాలు - సమాధానాలు

ప్రశ్న: తెలుగు పదాలను అక్షరాలుగా విడగొట్టే ఓ ఓపెన్‌సోర్స్ లైబ్రరీని ఫోర్క్ చేసుకుని రెండేళ్లుగా వాడుతున్నాను. వత్తులు విడిపోకుండా సరిచేశాను, ఇంకా చాలా మార్చాను. ఇవన్నీ మూల లైబ్రరీకి ఒకేసారి పంపవచ్చా?
- ఓ విద్యార్థి, శిబ్‌పూర్, హౌరా

జవాబు: పంపండి, తప్పకుండా పంపండి. ఒకేసారి మాత్రం వద్దు. రెండేళ్ల మార్పులు మూటగట్టి చేతిలో పెడితే విప్పి చూసే తీరిక నిర్వాహకులకు ఉండదు. చాలామంది ఉద్యోగాలు చేసుకుంటూ రాత్రిళ్లు ఈ పని చూసేవాళ్లే.

ముందు వత్తుల సవరణ ఒక్కటే పంపండి. మీ ఫోర్క్‌లోని మెయిన్ నుంచి మొదలుపెట్టకండి. మూల రిపాజిటరీని ‘అప్‌స్ట్రీమ్’ పేరుతో రిమోట్‌గా చేర్చుకుని, ఫెచ్ చేసి, దాని తాజా మెయిన్ మీద కొత్త బ్రాంచి తీయండి. మీ కమిట్‌ను చెర్రీ-పిక్‌తో అక్కడికి తెచ్చుకోండి. కాన్‌ఫ్లిక్టులు వస్తే మీరే తీర్చాలి. సొంత సెట్టింగులు ఆ కమిట్‌లో కలిసిపోయి ఉంటే ‘చెర్రీ-పిక్ -ఎన్’తో తెచ్చి, ‘గిట్ రీసెట్’ కొట్టి, ‘గిట్ యాడ్ -పి’తో కావలసిన ముక్కలే ఏరుకోండి.

అసలు కష్టం ఆ తర్వాతే. నిర్వాహకుడికి తెలుగు రాకపోవచ్చు. ‘స్త్రీ’ తీసుకోండి. మన కంటికి ఒకే అక్షరం. యూనికోడ్‌లో మాత్రం ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం. పాత నియమాల ప్రకారం ఇది పొల్లు దగ్గర తెగి స్, త్, రీ అని మూడు ముక్కలయ్యేది. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1లో జీబీ9సీ అనే నియమం చేరింది. తెలుగు, బెంగాలీ సహా కొన్ని భారతీయ లిపుల్లో ఇలాంటివాటిని ఒకే ముక్కగా ఉంచమంటుంది. మీ వివరణలో ఆ నియమం పేరు రాయండి. ‘మా భాషలో ఇంతే’ అనడం కన్నా అది గట్టిగా నిలుస్తుంది. మార్పుకు ముందు 3, తర్వాత 1 అని చూపే టెస్టు జతచేయండి. మీరున్నది హౌరాలో కదా, బెంగాలీ మిత్రుల్ని అడిగి వాళ్ల ‘స్త్రీ’నీ అందులో పెట్టండి. వాళ్ల లిపిలోనూ అదే వరుసలో ఆరు సంకేతాలు. ఒక్క సవరణతో రెండు భాషలకు మేలని తెలిస్తే నిర్వాహకుడికీ ఉత్సాహం వస్తుంది.

నా దగ్గరా ఓ ఫోర్క్ మూడేళ్లు ఉండిపోయింది. కొత్త వెర్షన్ వచ్చిన ప్రతిసారీ అవే పదకొండు వరుసలు మళ్లీ అతికించుకునేవాణ్ణి. పంపాక ఆ తిప్పలు తప్పాయి.

ప్రశ్న: ప్యాచ్ పంపి నెల దాటింది, ఉలుకూ పలుకూ లేదు. వదిలేయాలా?
- ఓ పాఠకురాలు, ఖరగ్‌పూర్

జవాబు: వద్దమ్మా. తాజా మెయిన్ మీదికి రీబేస్ చేసి, టెస్టులన్నీ పాసవుతున్నాయని ఒక్క వాక్యం రాయండి. మర్యాదగా గుర్తుచేయడంలో తప్పులేదు.

ప్రశ్న: ఆఫీసు పనిలో భాగంగా రాసిన ప్యాచ్‌ను నా పేరుతో పంపవచ్చా?
- ఓ ఇంజినీరు, హౌరా మైదాన్

జవాబు: అనుమతి లేకుండా పంపకండి. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే ఉద్యోగంలో భాగంగా రాసినదానికి తొలి హక్కుదారు యజమానే. లినక్స్ కెర్నెల్ 2004 నుంచి ప్యాచ్ కింద ‘సైన్డ్-ఆఫ్-బై’ వరుస అడుగుతోంది, చాలా ప్రాజెక్టులు ఆ పద్ధతే పాటిస్తున్నాయి. ఇది ఇచ్చే హక్కు నాకుంది అని మీ పేరుతో మీరు చెబుతున్న మాట అది. ముందు మేనేజరు నుంచి రాతపూర్వకంగా అనుమతి తెప్పించుకోండి, ‘కమిట్ -ఎస్’ తర్వాత కొట్టండి.