కొంబుచా సరే చెల్లీ, దేంట్లో పెడుతున్నావ్?

చెల్లీ, ఈమధ్య నలుగురు ఆడవాళ్ళం ఒకచోట కూడితే చాలు, కొంబుచా మాట రాకుండా లేవడం లేదు. ఒకరింట్లో పెరిగిన స్కోబీ ముక్క, అదే టీని పులియబెట్టే ఆ జిగట పొర, ఇంకొకరింటికి డబ్బాలో వెళ్తోంది. నువ్వూ మొదలుపెడతానన్నావు, సంతోషం. టీ ఎంత, చక్కెర ఎంత, ఎన్నాళ్ళుంచాలి అని వరసగా అడిగావు. అవన్నీ చెబుతాను గానీ, మాటల మధ్యలో "మా అత్తగారి పెద్ద జాడీ ఖాళీగానే ఉందక్కా, అందులో పెట్టేస్తా" అన్నావు చూడు, అప్పట్నుంచీ నా మనసు మనసులో లేదు. అందుకే ముందు ఆ సంగతి తేల్చుకుందాం.

కొంబుచా అంటే తియ్యటి టీ పులియడమే కదా. అందులో ఉండే ఈస్టు చక్కెరని తిని కాస్త ఆల్కహాల్ తయారుచేస్తుంది. బ్యాక్టీరియా ఆ ఆల్కహాల్‌ని ఆమ్లంగా మారుస్తుంది. వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లమే ఇందులోనూ ముఖ్యమైనది. పులుపుని పీహెచ్‌తో కొలుస్తారు. మంచినీళ్ళది 7 దగ్గర ఉంటుంది, అంకె తగ్గేకొద్దీ పులుపు పెరిగినట్టు. కొంబుచా తయారయ్యేసరికి ఆ అంకె 3 దగ్గరికి, ఒక్కోసారి రెండున్నర దాకా దిగుతుంది. ఆ పులుపే దానికి రక్ష. చాలా రకాల చెడ్డ క్రిములు అందులో పెరగలేవు. కానీ అదే పులుపు గిన్నెనీ వదలదు. చారైతే కాసేపు మరిగించి దింపేస్తాం, పూటలో అయిపోతుంది. ఇది వారం పది రోజులు కదలకుండా గిన్నె గోడల్ని అంటిపెట్టుకుని కూర్చుంటుంది. అది తీసేశాక మళ్ళీ కొత్త టీ పోస్తాం, మళ్ళీ పది రోజులు. ఇక ఏడాది పొడుగునా ఆ గిన్నెకి పులుపులో నానని రోజు ఉండదన్నమాట.

మన అమ్మమ్మలకి పీహెచ్ తెలియకపోయినా ఈ సంగతి బాగా తెలుసు. కళాయి లేని ఇత్తడి గిన్నెలో చింతపండు పులుసు పెట్టనిచ్చేవారా? కిలుమెక్కుతుందని కేకలేసేవారు. కళాయి పూసేవాడు వీధిలోకి వస్తే ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ బయటికొచ్చేవి. ఆ జాగ్రత్త వెనక ఉన్నది రాగి. ఇత్తడిలో రాగి, జింకు ఉంటాయి, పులుపు తగిలితే రెండూ కరిగి దిగుతాయి. అమెరికా ఆహార నియమావళి కూడా పీహెచ్ 6 కన్నా తక్కువ ఉన్న ఏ పదార్థమూ రాగికి తగలకూడదంటుంది. కాబట్టి ఆరోగ్యమని కొన్న రాగి బిందెలో మంచినీళ్ళు పోసుకో, కొంబుచా మాత్రం వద్దు. ఇత్తడి, కంచు, సిల్వర్ (అల్యూమినియం) గిన్నెలు కూడా అంతే. వీటి గురించి ఇంతకన్నా ఆలోచించక్కర్లేదు.

ఆలోచించాల్సింది జాడీ గురించే. ఎందుకంటే జాడీ మీద మనకి అనుమానం రాదు. ఆవకాయ పెట్టిన జాడీ, అమ్మ చేతి జాడీ, దానికి వంక పెట్టడానికి మనసొప్పదు. కానీ జాడీ లోపల నున్నగా మెరుస్తుందే, ఆ పూత ఏమిటో తెలుసుకోవాలి. మట్టి పాత్రకి గాజులాంటి పూత రావాలంటే ఇసుకలో ఉండే సిలికా కరగాలి. అది ఊరికే కరగదు, బాగా వేడి కావాలి. అందులో సీసం కలిపితే తక్కువ వేడికే కరిగిపోతుంది, పైగా చక్కటి మెరుపొస్తుంది. అందుకని కుమ్మరి పనిలో సీసాన్ని ప్రపంచమంతా ఎన్నో వందల ఏళ్ళు వాడారు. పసుపు, ఎరుపు, నారింజ రంగులు నిగనిగలాడటానికి కాడ్మియం కూడా కలిపేవారు. పెద్ద బట్టీలో బాగా ఎక్కువ వేడిలో గట్టిగా కాల్చిన జాడీలకైతే సీసం అవసరం ఉండదు. అలాంటివి మంచివే. చిక్కేమిటంటే, రెండూ పక్కపక్కన పెడితే నీకూ నాకూ తేడా తెలియదు. రంగు, బరువు, మెరుపు, ఏదీ చెప్పదు.

1998లో మెడికల్ జర్నల్ ఆఫ్ ఆస్ట్రేలియాలో ఒక భార్యాభర్తల కథ వచ్చింది. ఇద్దరూ ఆరు నెలలుగా ఇంట్లో కాచుకున్న కొంబుచా తాగుతున్నారు. ఇద్దరికీ ఒంట్లో సీసం విషం చేరింది. శరీరంలోంచి లోహాన్ని లాగే కీలేషన్ చికిత్స చేయాల్సి వచ్చింది. వాళ్ళు టీ పులియబెట్టింది పింగాణీ కుండలో. పూతలో ఉన్న సీసాన్ని కొంబుచాలోని ఆమ్లం కరిగించి ఉంటుందని డాక్టర్లు అభిప్రాయపడ్డారు. టీ మంచిదే, చక్కెర మంచిదే, కుండే వాళ్ళ కొంప ముంచింది.

ఇంకో మాట చెబితే నువ్వే ఒప్పుకుంటావు. పింగాణీ గిన్నె పూతలోంచి సీసం దిగుతోందో లేదో ల్యాబుల్లో ఎలా చూస్తారనుకున్నావు? 4 శాతం ఎసిటిక్ ఆమ్లం, అంటే ఇంచుమించు మన వెనిగర్ లాంటిదే, గిన్నెలో పోసి 24 గంటలు ఉంచుతారు. తర్వాత అందులోకి ఎంత సీసం దిగిందో కొలుస్తారు. నువ్వు కొంబుచా పెడితే ఆ పరీక్షే రోజుల తరబడి చేస్తున్నట్టు. కాకపోతే చివర్లో కొలవం, తాగేస్తాం.

రుచి చూస్తే తెలిసిపోదా అంటావేమో. తెలియదు. సీసం ఎసిటిక్ ఆమ్లంతో కలిస్తే వచ్చేది తియ్యగా ఉంటుంది. పాతకాలం రోమన్లు ద్రాక్షరసాన్ని సీసం గిన్నెల్లో కాచి, ఆ తియ్యటి పాకాన్ని ద్రాక్షసారాలో కలుపుకునేవారు. ఒంట్లో చేరాక కూడా సీసం నేనున్నానని చెప్పదు. కడుపునొప్పి, మలబద్ధకం, నీరసం, తలనొప్పి, రక్తం తగ్గడం. ఇందులో ఏది వచ్చినా పని ఎక్కువై అలిసిపోయామనుకుంటాం తప్ప జాడీ వైపు చూడం. పిల్లలకైతే ఇంకా ప్రమాదం, ఎదుగుతున్న మెదడు మీద పడుతుంది. కడుపుతో ఉన్న తల్లి ఎముకల్లో ఎప్పుడో దాక్కున్న సీసం కడుపులో బిడ్డకి చేరుతుంది. ఇంతవరకూ ఫరవాలేదని చెప్పదగ్గ మోతాదు సీసానికి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ కచ్చితంగా చెబుతోంది. ఇంట్లో మూడేళ్ళ పిల్లని పెట్టుకుని నువ్వు ఆ జాడీ దించుతానంటే నేనెలా ఊరుకుంటాను?

ఇప్పుడు అత్తగారి జాడీని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి లోపలికి టార్చి వేసి చూడు. పూత మీద వెంట్రుకంత సన్నటి గీతలు వలలా అల్లుకుని ఉంటే, వాటిలో గోధుమరంగు మరక దిగి ఉంటే, ఆ పూత పగిలినట్టే లెక్క. మూతి అంచు చుట్టూ గోరు పోనీ. ఎక్కడైనా చెక్కు లేచి గరుగ్గా తగిలితే దాన్ని కొంబుచాకే కాదు, ఆవకాయక్కూడా వాడకు. బియ్యమో కందిపప్పో పోసుకుంటే హాయిగా ఇంట్లోనే ఉంటుంది, అత్తగారి మనసూ నొచ్చుకోదు. సీసం ఉంటే రుద్దగానే రంగు మారే పరీక్ష పుల్లలు బజార్లో అమ్ముతున్నారు. రంగు మారలేదని ధీమాగా ఉండటానికి లేదు, అవి చాలాసార్లు తప్పు చెబుతాయి. నిజంగా తేల్చుకోవాలంటే ఎన్‌ఏబీఎల్ గుర్తింపున్న ల్యాబుకి ఇవ్వాలి. అంత శ్రమ ఎందుకు తల్లీ, గాజు సీసా ఉండగా?

గాజంటే మామూలు గాజు. అప్పట్లో హార్లిక్స్ సీసాల్లో పచ్చళ్ళు పోసుకునేవాళ్ళం చూడు, అలాంటి రంగు లేని, నగిషీ లేని సాదా గాజు. పులుపు దాన్నేమీ చేయలేదు. లోపల ఏం జరుగుతోందో కనిపిస్తుంది కూడా, బూజు పడితే మొదటిరోజే పట్టేస్తాం. మూడు నాలుగు లీటర్లు పట్టేది, చెయ్యి లోపలికి దూరేంత వెడల్పు మూతిది తీసుకో. చెయ్యి దూరితేనే శుభ్రంగా కడగగలం. పైగా ఆ బ్యాక్టీరియాకి గాలి కావాలి, మూతి వెడల్పయితే పైన గాలి బాగా తగులుతుంది. బరువుగా, తళతళలాడుతూ, మీటితే ఖంగుమనే క్రిస్టల్ పాత్రలుంటాయి కదా, వాటి జోలికి వెళ్ళకు. అసలైన లెడ్ క్రిస్టల్‌లో 24 శాతం, ఆపైన సీసం ఆక్సైడే ఉంటుంది. మూతి చుట్టూ రంగు పూలు వేసిన సీసాలు కూడా వద్దు. మరో జాగ్రత్త, మరిగిన టీని నేరుగా గాజులో పోయకు, ఠపీమని చీలుతుంది. గిన్నెలోనే చల్లారనిచ్చి పోయి. స్కోబీకి కూడా వేడి పడదు.

కుళాయి ఉన్న గాజు జార్లు పెళ్ళిళ్ళలో జ్యూస్ పోస్తారే, అవి చూసి ముచ్చటపడ్డానన్నావు. జారు బాగానే ఉంటుంది, కుళాయి దగ్గరే చూసుకోవాలి. చౌకరకం వాటికి ప్లాస్టిక్ కుళాయి మీద వెండిరంగు లోహం పూత ఉంటుంది. కొన్నాళ్ళు పులుపులో నానాక కుళాయి విప్పి చూస్తే లోపలివైపు ఆ పూత పొరలు పొరలుగా లేచి, గోటితో గీకితే రాలిపోతుంది. ఆ పొరలు ఎక్కడికి వెళ్ళినట్టు? గ్లాసులోకే. కుళాయి కావాలనుకుంటే పూర్తిగా స్టెయిన్‌లెస్ స్టీలుదో, ఏ పూతా లేని తిండికి పనికొచ్చే ప్లాస్టిక్‌దో బిగించుకోవాలి. ప్రతిసారీ విప్పి, రబ్బరు వాషరు కింద కూడా కడగాలి. బూజు ముందు పట్టేది అక్కడే.

స్టీలు గురించి అడుగుతావని తెలుసు. పెద్ద పెద్ద కంపెనీలు స్టీలు ట్యాంకుల్లోనే పులియబెడతాయి, నిజమే. వాళ్ళు వాడేది 304, 316 రకాలు. 304లో 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. 316లో మాలిబ్డినం కూడా ఉండి పులుపుని ఇంకా బాగా తట్టుకుంటుంది. మన బజార్లో దొరికే గిన్నెల్లో నికెల్ తగ్గించి మాంగనీస్ కలిపిన రకాలు చాలా ఉన్నాయి. అయస్కాంతం అంటకపోతే మంచి స్టీలని షాపువాడు చూపిస్తాడు, నమ్మకు. ఆ తక్కువ రకాల్లోనూ చాలావాటికి అయస్కాంతం అంటదు. గిన్నె మీద 304 అని చెక్కి ఉండి, మంచి చోట కొన్నదైతే సరే. లేదంటే టీ కాచుకోవడానికి వాడుకో, పులియబెట్టడానికి వద్దు. ప్లాస్టిక్ అయితే నేను ససేమిరా ఒప్పుకోను. తిండికి పనికొచ్చే రకాలు ఉన్నాయి గానీ, పీచుతో ఒకసారి తోమితే గీతలు పడతాయి, ఆ గీతల్లో క్రిములు కాపురం పెడతాయి.

ఇక సీసాని వేడినీళ్ళతో కడిగి, సబ్బు జిడ్డు లేకుండా తొలిచి, చివర్లో కాస్త వెనిగర్‌తో కడుగు. లీటరు నీళ్ళకి రెండు చెంచాల టీపొడి, 70 గ్రాముల చక్కెర. పూర్తిగా చల్లారాక స్కోబీతో పాటు 100 మిల్లీలీటర్ల పాత కొంబుచా తప్పకుండా కలుపు. మొదటి రోజు నుంచే పులుపుంటేనే బూజు దరికి రాదు. మూత బిగించకు. దగ్గర నేత ఉన్న నూలుగుడ్డ కట్టి రబ్బరు బ్యాండు వెయ్యి. పల్చటి గుడ్డయితే పళ్ళ మీద మూగే చిన్న ఈగలు దూరిపోతాయి. మన ఎండాకాలంలో తొందరగా పులుస్తుంది, నాలుగో రోజు నుంచే రుచి చూడటం మొదలుపెట్టు. పైన నూగులా, పొడిగా, పచ్చగానో నల్లగానో బూజు కనిపిస్తే తీసేసి వాడుకుందామనుకోకు, స్కోబీతో సహా మొత్తం పారబొయ్యి.

గ్యాస్ పట్టాలని సీసాల్లో పోసి మూత బిగిస్తారు కదా, అక్కడ భయం వేరు. పలచటి అలంకారపు సీసాలు, పలకలుగా ఉండేవి ఆ ఒత్తిడికి పేలిపోతాయి. సోడా, బీరు లాంటి గ్యాసున్న పానీయాల కోసమే చేసిన మందపాటి గుండ్రటి సీసాలే వాడాలి. ఒక చిన్న కూల్‌డ్రింక్ ప్లాస్టిక్ సీసాలో కూడా అదే కొంబుచా పోసి పక్కన పెట్టు. అది నొక్కితే రాయిలా తగిలిందంటే గాజు సీసాలన్నీ వెంటనే ఫ్రిజ్‌లోకి వెళ్ళాలి.

తాగడం కూడా కొంచెంగానే మొదలుపెట్టు. 1995లో అమెరికాలోని అయోవా రాష్ట్రంలో కొంబుచా తాగే ఇద్దరు స్త్రీలకి తీవ్రంగా జబ్బు చేసింది, ఒకరు చనిపోయారు. కారణం కొంబుచాయేనని రుజువు కాలేదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి రోజుకి 120 మిల్లీలీటర్ల వరకు ఇబ్బంది ఉండకపోవచ్చని అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రం అప్పుడు చెప్పింది. కాస్త ఆల్కహాల్ కూడా ఉంటుంది కాబట్టి పిల్లకి పట్టకు. మీ ఆడపడుచు నెల తప్పిందన్నావుగా, తనకీ వద్దు. మామగారు కిడ్నీ మందులు వాడుతున్నారు, ఆయన డాక్టర్ని అడక్కుండా ఇవ్వకు.

ఆదివారం బజారుకెళ్తానన్నావు కదా. కుళాయి జారే కొనాలని మనసైతే, డబ్బు కట్టేముందు ఆ కుళాయి విప్పించి లోపలివైపు ఫొటో తీసి పంపు. చూసి చెబుతాను.