తేమ ఫ్యాన్ వైరింగు: పాడైతే ఎవరిని అడగాలి?

గాలిలో తేమను బట్టి తనంతట తానే తిరిగి, ఆగిపోయే ఎగ్జాస్ట్ ఫ్యాన్‌కు మామూలు ఫ్యాన్‌కు లాగినట్టు రెండు తీగలు లాగితే సరిపోదు. లోపలి సెన్సారు పనిచేయాలంటే దానికి నిత్యం కరెంటు అందాలి. అందుకే చాలా మోడళ్లలో న్యూట్రల్‌తో పాటు, స్విచ్‌తో సంబంధం లేని ఒక ఫేజు, లైటు స్విచ్ నుంచి వచ్చే మరో ఫేజు కావాలి. బాడీ లోహంతో చేసినదైతే ఎర్తింగ్ కూడా తప్పదు. లైటు ఆర్పినా ఫ్యాన్‌లో ఒక తీగకు కరెంటు ఉంటుంది కాబట్టి, అన్ని తీగలనూ ఒకేసారి తెంచే విడి స్విచ్ దగ్గర్లో ఉండాలి. ఎంసీబీ ఉంది కదా అన్న ధీమా ప్రమాదం. అది ఓవర్‌లోడును, షార్ట్ సర్క్యూట్‌ను ఆపుతుందే గాని మనిషికి తగిలే షాకును పసిగట్టదు. ఆ పని 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీది.

ఫ్యాన్ పనిచేయకపోతే తప్పు ఎవరిదో ముందు తేలాలి. నిత్య ఫేజు ఇవ్వకుండా లైటు స్విచ్ నుంచే రెండూ కలిపేస్తే, లైటు ఆర్పగానే సెన్సారు కూడా ఆగిపోతుంది. ఇది వైరింగు చేసినవారి సేవాలోపం, ఫ్యాన్ లోపం కాదు. తీగలన్నీ సరిగ్గా ఉండి కూడా సెన్సారు పలకకపోతే అది వస్తులోపం. దానికి అమ్మినవారు, తయారుచేసినవారు జవాబుదారులు. ఇంట్లో మీటరు దాటిన తర్వాతి వైరింగు మాత్రం విద్యుత్ సంస్థ బాధ్యత కాదు.

పసుపు పరిశోధన కేంద్రం ఉన్న నిజామాబాద్ జిల్లా కమ్మర్‌పల్లి ప్రాంతంలో మూడో చిక్కు ఒకటుంది. ఉడకబెట్టి, పది శాతం తేమ దాకా ఎండబెట్టిన పసుపు కొమ్ముల బస్తాలను ధర వచ్చేదాకా ఇంటి గదిలోనే నిల్వ చేసేవారికి చెమ్మ పెద్ద భయం. వానాకాలంలో బయటి గాలిలోనే తేమ 70, 80 శాతం దాటుతుంటే, 60 దగ్గర పెట్టిన ఫ్యాన్ ఆగకుండా తిరుగుతుంది. పైగా బయటి తడిగాలినే లోపలికి గుంజుతుంది. ఇది ఫ్యాన్ లోపం కాదు. అయితే ‘ఇది బిగిస్తే పసుపుకు బూజు పట్టదు’ అని నమ్మబలికి అమ్మితే, అది అనుచిత వ్యాపార పద్ధతి కిందికి వస్తుంది. వ్యాపారం కోసం కొన్నవారు చట్టం దృష్టిలో వినియోగదారులు కారు గాని, స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసమే కొన్నవారిని 2019 వినియోగదారుల రక్షణ చట్టం వినియోగదారులుగానే చూస్తుంది. సొంత పంట దాచుకునే రైతు ఈ రక్షణ కోరవచ్చు.

వైరింగు ఎవరితో చేయించాలన్నది కూడా చట్టం చెబుతుంది. పాత ఫ్యాన్ తీసి అదే చోట కొత్తది బిగించడానికి లైసెన్సు అక్కర్లేదు. కొత్త లైను లాగాలంటే మాత్రం కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనల ప్రకారం లైసెన్సు ఉన్న కాంట్రాక్టరే చేయాలి. లైసెన్సు లేనివారితో చేయించినంత మాత్రాన పరిహారం అడిగే హక్కు పోదు, కానీ ఎదుటిపక్షానికి ఒక వాదన చేతికి ఇచ్చినట్టవుతుంది. స్నేహం కొద్దీ ఉచితంగా చేసిపెట్టిన పని ‘సేవ’ కిందికే రాదు. కూలి ఇచ్చినట్టు రసీదో, ఫోన్‌పే చెల్లింపో ఉంచుకోవడం అందుకే ముఖ్యం.

బిల్లు ఇవ్వకపోవడం చట్టరీత్యా తప్పే. ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని బిల్లు మీద అచ్చువేసినా లోపమున్న వస్తువుకు అది వర్తించదు. బిల్లులో గడువు రాసి ఉంటే ఆ గడువులోగా, లేకుంటే 30 రోజుల్లోగా డబ్బు తిరిగి ఇవ్వాలి.

అద్దె ఇంట్లో సొంత డబ్బుతో బిగించుకున్న ఫ్యాన్‌ను ఖాళీ చేసే ముందు విప్పుకుపోవచ్చు. గోడకు పెట్టిన రంధ్రం పూడ్చి, ఇంటిని మొదట ఎలా ఉందో అలాగే అప్పగించాలి.

మొదట 1915 నంబరులో జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి ఫోన్ చేయాలి. అక్కడ తేలకపోతే నిజామాబాద్ జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించాలి. వస్తువు హైదరాబాద్‌లో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించినా కమ్మర్‌పల్లివాసి తన జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపైతే ఫీజు లేదు, లాయరూ తప్పనిసరి కాదు. లోపం బయటపడిన నాటి నుంచి రెండేళ్లలో కేసు వేయాలి. అవసరమైతే కమిషన్ ఫ్యాన్‌ను ప్రయోగశాలకు పంపిస్తుంది. అందుకే మరో ఎలక్ట్రీషియన్‌ను పిలిచి తీగలు మార్పించే ముందే మెయిన్ ఆపి, మూత విప్పించి, తీగలు ఏది ఎక్కడ కలిసిందో కనబడేలా ఫొటోలు తీయించి పెట్టుకోవాలి. తీగలు మార్చాక మొదటి తప్పు ఎవరిదో రుజువు చేయడం కష్టం.