చీమ కాదు, చీమ వేషంలో నల్లి

కంది, అలసంద, చిక్కుడు చేలల్లో కాయ పట్టే సమయంలో చీమలు తిరుగుతుంటాయి. "చీమలే కదా, పంటనేం చేస్తాయి" అని రైతులు వదిలేస్తుంటారు. కానీ వాటిలో కొన్ని చీమలు కావు. కాయలోని గింజల రసం పీల్చే నల్లి పిల్లపురుగులు. శాస్త్రవేత్తలు ఈ నల్లిని రిప్టోర్టస్ అంటారు. చీమలు కుడతాయని పక్షులు, వేటాడే పురుగులు వాటి జోలికి పోవు. ఆ భయమే ఈ పిల్లపురుగులకు రక్ష.

గుర్తుపట్టడం ఎలా?

మీసాలు: చీమ మీసం మోచేయి వంచినట్టు మధ్యలో వంగి ఉంటుంది. నల్లి పిల్ల మీసానికి ఆ వంపు ఉండదు.

నోరు: చీమకు కొరికే దవడలుంటాయి. నల్లిని వెల్లకిలా తిప్పితే సూదిలాంటి ముక్కు పొట్ట కింద మడిచి కనిపిస్తుంది.

నడక: చీమలు వరుస కడతాయి. పేనుబంక ఉన్న కొమ్మలకు ఎక్కి దిగుతుంటాయి. నల్లి పిల్లలు వరుస కట్టవు.

నడుము చూసి మాత్రం నమ్మొద్దు. రెండింటికీ సన్నగానే అగుపిస్తుంది.

నష్టం

లేత కాయలు వడలిపోతాయి. ముదురు కాయల్లో గింజలు ముడతలు పడి, మచ్చలు తేలి తాలుగా మారతాయి. వాటిని విత్తనానికి ఉంచితే మొలక సరిగా రాదు. శనగపచ్చ పురుగు తొలిచినట్టు కాయకు పెద్ద రంధ్రం ఉండదు. ఒలిచి చూస్తేనే తెలుస్తుంది.

పిల్లపురుగు ఐదు దశలు దాటి రెక్కల పురుగవుతుంది. అది సన్నగా, గోధుమ రంగులో, లావు వెనక తొడలతో ఉంటుంది. అలికిడైతే చాలు, ఎగిరిపోతుంది. అందుకే చీమ వేషంలో ఉండగానే పట్టాలి.

నివారణ

పూత దశ నుంచి చేను నాలుగు మూలలా, మధ్యలో మొక్కలు పరిశీలించండి. కొద్దిగా ఉంటే ఉదయం పూట చల్లదనంలో సబ్బునీళ్లలోకి దులపండి. పిల్లదశలో 5 శాతం వేపగింజల కషాయం పిచికారీ చేయవచ్చు. ఉధృతి ఎక్కువైతే పురుగును సీసాలో వేసి మండల వ్యవసాయ అధికారికి చూపించి, వారు చెప్పిన మందే, చెప్పిన మోతాదులోనే కొట్టండి. చీమల పొడి చల్లితే డబ్బు దండగ.

ఈ చీమను చంపొద్దు

మామిడి తోటల్లో చెట్టెక్కే ఎర్రచీమల మధ్య ఇంకో వేషధారి ఉంటుంది. ముందు కాళ్లు మీసాల్లా పైకెత్తి ఆడిస్తుంది. కాళ్లు లెక్కపెడితే ఎనిమిది. అది సాలీడు. కదిలిస్తే దారం వదిలి వేలాడుతుంది. చిన్న పురుగులను తింటుంది కాబట్టి రైతుకు మేలే.

మందు డబ్బా తీసే ముందు ఒక్క పురుగును పట్టి కాళ్లు, మీసాలు, మూతి చూడండి. శత్రువెవరో, మిత్రుడెవరో అక్కడే తేలిపోతుంది.