తుంగదీపపు లెక్క

కొవ్వొత్తి యను పేరిలోనే క్రొవ్వున్నది. ఇంగ్లండు పల్లెలలో పూర్వము దాని నింటనే చేసికొనెడివారు. 1709 నాటి చట్టముచే అనుమతిపత్రమును పన్నును లేక చేయరాదయ్యెను. 1831 దాక నా పన్ను తొలగలేదు. తుంగదీపమునకు మాత్రము మినహాయింపు గలదు. వేసవిని తుంగను బోలిన కాడలను గోసి, నీట నానవైచి, లోని బెండు నిలుచుటకు సన్నని యీనె నొకదానిని విడిచి తోలొలిచి, యెండబెట్టి, కాగిన క్రొవ్వులో ముంచెడివారు. వంటకుండలో దేలిన పందిక్రొవ్వే చాలును.

సెల్బర్ను గ్రామమున గిల్బర్టు వైటను మతాచార్యుడు 1775 లో దీని లెక్క వ్రాసెను. రెండడుగులకు మించిన కాడ యొకటి 57 నిమిషములు వెలిగెనట. అరపెన్నీకి 11 గంటల వెలుగు! రైతు సోదరులారా, చూడుడు: బీదవారే దినదినము అరపెన్నీ పెట్టి అంగడి కొవ్వొత్తిని గొనుచుండిరి, గాలి చొచ్చు గుడిసెలలో నది రెండు గంటలకు మించి యంతగా వెలిగెడిది కాదు.