చేప ఊపిరి తెలిస్తేనే తొట్టి కట్టు

మంజీర మా బిచ్కుంద మండలం అంచు వెంబడి పారుతుంది. ఎగువన 1931లో పూర్తయిన నిజాంసాగర్. ఈ నీళ్లే మా ఇంట్లో మూడు తరాలకు అన్నం పెట్టాయి. మృగశిర కార్తె నాడు ఊరూరా చేప కావాలి. ఆ రోజు సంతలో తోక ఆడించే చేప దగ్గర జనం ఆగుతారు, కళ్లు తేలేసినదాన్ని దాటిపోతారు. చచ్చిన చేపకు ఎండ ధర కడుతుంది, పాణమున్న చేపకు మనం కడతాం. అందుకే పడవలో చేపలను బతికించే తొట్టిని నా చేతులతో నాలుగుసార్లు కట్టాను. మొదటిది నష్టం తెచ్చింది. నాలుగోది ఇప్పటికీ పనిచేస్తోంది. కొత్తగా వల పట్టే పిల్లల కోసం ఈ మాటలు.

1. నీళ్లు ఎన్నున్నాయని కాదు, మారుతున్నాయా అని చూడు.
మా నాయన తెప్పకు వెదురుబుట్ట కట్టి నీళ్లలో ముంచేవాడు. ఏరే బుట్టలోంచి పారేది, చేప సాయంత్రం దాకా బతికేది. రోమ్ దగ్గర ఫియుమిచినోలో దొరికిన రెండో శతాబ్దపు పడవకు కూడా నడుమ తొట్టి, దాని అడుగున చిల్లులు ఉన్నాయి. ఎక్కడి జాలరైనా పట్టుకున్న కిటుకు ఒకటే. పడవలోకి తొట్టిని తెచ్చుకుంటే ఏటి పారుదలను కూడా వెంట తెచ్చుకోవాలి.

2. ఎండ నుంచి కాపాడు.
20 డిగ్రీల నీళ్లలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ నిలుస్తుంది. 30 డిగ్రీలకు అది ఏడున్నరకు పడిపోతుంది. వేడి పెరిగేకొద్దీ చేపకు ఊపిరి ఎక్కువ కావాలి, నీళ్లలో మాత్రం తక్కువవుతుంది. తొట్టి చుట్టూ థర్మాకోల్ పలకలు, పైన తడి గోనెసంచి వెయ్యి. ఐసు ముక్కలు నేరుగా వెయ్యకు. నీళ్లు గడ్డకట్టిన సీసాను మూతతోనే లోపల ఉంచు.

3. మందు డబ్బా ముట్టకు.
నా మొదటి తొట్టి పురుగుమందు డ్రమ్ము. ఇసుకతో తోమాను, మూడుసార్లు కడిగాను, వాసన పోయింది. మృగశిర ముందురోజు అందులో పదకొండు కిలోల చేప వేశాను. కాసేపటికి ఒక బొచ్చె పైకొచ్చి నోరు తెరిచింది. పక్కకు ఒరిగి గిరగిరా తిరిగింది. దాని వెనక ఇంకోటి. నీళ్లు మాత్రం తేటగానే ఉన్నాయి. గంటలో అన్నీ పోయాయి. అమ్మలేదు, గొయ్యి తీసి పూడ్చాను. ప్లాస్టిక్ లోపలికి ఇంకిన మందు కడిగితే పోదు. తినే సరుకు వచ్చిన డ్రమ్ము కొను, రెండు రోజులు ఏటినీళ్లు పోసి నానబెట్టు. రాగి, ఇత్తడి బిగింపులు వద్దు.

4. నీళ్లు వచ్చే దారి సన్నగా, పోయే దారి లావుగా ఉండాలి.
ఏటినీళ్లు తోడడానికి 12 వోల్టుల చిన్న పంపు చాలు. మందు కొట్టే మిషన్లకు వాడే రకమే, కానీ కొత్తది కావాలి. అర అంగుళం పైపుకు కాల్చిన మేకుతో వరసగా చిల్లులు పెట్టి తొట్టి పైన అడ్డంగా కట్టు. నీళ్లు జల్లులా పడితే గాలిని వెంట తీసుకుపోతాయి. పోయే పైపు ఒకటిన్నర అంగుళం ఉండాలి, మూతికి జాలీ బిగించాలి. 2 ఆంపియర్లు లాగే పంపును 8 ఆంపియర్ అవర్ బ్యాటరీ లెక్కకు నాలుగు గంటలు నడపాలి. నేను మూడు గంటలకే ఒడ్డుకు చేరతాను.

5. కొర్రమట్ట లెక్క వేరు.
మన రాష్ట్ర చేప అది. నీటి పైకొచ్చి గాలి పీల్చుకోకపోతే మంచి నీళ్లలో కూడా ఊపిరాడక చస్తుంది. దాని తొట్టిని అంచుదాకా నింపకు, జానెడు ఖాళీ ఉంచు. ఎగిరి దూకుతుంది కాబట్టి పైన వల కట్టు. రవ్వ, బొచ్చెలతో కలపకు.

6. నీళ్లకూ బరువుంటుంది.
వంద లీటర్లంటే క్వింటాల్. పడవ తిరిగినప్పుడు నీళ్లన్నీ ఒక పక్కకు పోయి పడవను లాగుతాయి. తొట్టిని నట్టనడుమ, అడుగుకు ఆనించి కట్టు. లోపల చిల్లుల పలక అడ్డం పెడితే నీళ్లు ఊగవు. తెప్ప మీద పెద్ద తొట్టి ఎక్కించకు. వంద లీటర్లకు పది కిలోలకు మించి నేను చేప వెయ్యను.

7. చెయ్యి తడుపుకో.
చేప ఒంటి మీది జిగురే దానికి తోలు. పొడి చేత్తో, గోనెగుడ్డతో పట్టుకుంటే అది ఊడిపోతుంది. పొద్దున హుషారుగా ఉన్న చేప రాత్రికి తేలడానికి ఇదీ ఒక కారణం.

8. నల్లా నీళ్లు పొయ్యకు.
అందులో క్లోరిన్ ఉంటుంది. మనల్ని కాపాడేదే చేప మొప్పలను కాలుస్తుంది. సంతకు పోయేటప్పుడు రెండు క్యాన్లు ఏటినీళ్లు పట్టుకుపో.

9. వదలాల్సిన చేపను వదిలిపెట్టు.
వానాకాలంలో కొర్రమట్ట జంట తమ పిల్లల గుంపును కాపలా కాస్తుంది. నీటి మీద ఎర్రటి గుంపు కదులుతుంటే కింద తల్లీతండ్రీ ఉన్నట్టే. ఒకసారి ఆ గుంపు దగ్గర పడ్డ పెద్ద కొర్రమట్టను తొట్టిలో వేసి రెండు వలలు లాగాను. మనసు ఒప్పలేదు. వెనక్కి తిరిగి అదే చోట తడి చేతులతో దించాను. ఒక్క క్షణం నా వేళ్ల మధ్య నిలిచి లోపలికి జారిపోయింది. బుట్టలో చచ్చి ఉంటే ఏం చేసేవాణ్ణి? బతికించే తొట్టి మంచి ధర ఇస్తుంది బిడ్డా, చేసిన పనిని దిద్దుకునే వేళ కూడా ఇస్తుంది.