ప్రతిభకు మన్నన: ఒక యువ ప్రధానోపాధ్యాయుడికి లేఖ



కోనసీమలో ఒక జిల్లా పరిషత్ బాలుర ఉన్నత పాఠశాల బాధ్యతను కొత్తగా స్వీకరించిన చిరంజీవికి, పదో తరగతి ఫలితాలు వెలువడగానే ఎదురయ్యే పనుల్లో బాగా చదివినవారిని సత్కరించడం చిన్న పనిగానే కనిపించవచ్చు గాని, ఆ పాఠశాల దేనిని చదువుగా ఎంచుతున్నదో ఊరికి తెలిసేది ఆ సత్కారం వల్లనే. 600 మార్కులకు అత్యధికంగా తెచ్చుకున్న ముగ్గురిని ఆగస్టు 15న జెండా వందనం కాగానే వేదిక మీదికి పిలిచి, శాలువా కప్పి, జ్ఞాపిక చేతికిచ్చి, ఫొటో తీయించి పంపడం ఆనవాయితీ. అది మానవలసిన పని కాదు. అయితే బాలుడు ఏమి సాధించాడో చెప్పకుండా ఎవరిని దాటాడో మాత్రమే చెప్పినంతకాలం, నాలుగో స్థానంలో ఉన్నవాడు మొదలు నలభయ్యో స్థానంలో ఉన్నవాడి వరకు అందరికీ అది తమకు సంబంధం లేని తంతుగానే ఉంటుంది.

2022 ఏప్రిల్ 4న ఏర్పడిన ఈ జిల్లా డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరును ధరించింది కనుక, ఆ మహనీయుడికి బాల్యంలో జరిగిన సత్కారాన్ని ఇక్కడి ప్రధానోపాధ్యాయుడు తప్పక తెలుసుకోవాలి. 1907లో బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ ఉన్నత పాఠశాల నుంచి భీమ్‌రావు మెట్రిక్యులేషన్, అంటే ఆనాడు కళాశాల చదువుకు ద్వారం తెరిచే పరీక్ష, ఉత్తీర్ణుడైనప్పుడు వచ్చిన మార్కులు 750కి 282. నేటి లెక్కన ఆ మార్కులకు ఏ పాఠశాలా వేదిక మీద కుర్చీ వేయదు. అయినా అస్పృశ్యత కట్టిన గోడలను దాటి వచ్చిన ఆ ఉత్తీర్ణత ఎంతటిదో గ్రహించినవారు సభ జరిపారు. ఆ సభలో ఉపాధ్యాయుడూ మరాఠీ రచయితా అయిన కృష్ణాజీ అర్జున్ కేలూస్కర్ తాను రాసిన బుద్ధ చరిత్రను ఆ బాలుడికి బహూకరించాడు. అంతటితో ఊరుకోకుండా, తర్వాతి చదువుకు ఇంట్లో డబ్బు చాలనప్పుడు బరోడా మహారాజు శాయాజీరావు గాయక్వాడ్ నుంచి నెలకు 25 రూపాయల విద్యార్థివేతనం లభించడానికి తోడ్పడ్డాడు. ఆ ఒక్క పుస్తకమే 1956 నాటి నాగపూర్ బౌద్ధ దీక్షకు దారి తీసిందని చెప్పేవారున్నారు; ఒక బహుమతికి అంత భారం అంటగట్టడం అతిశయోక్తే గాని, బాలుడు బయలుదేరిన చోటు నుంచి అతడి సాధనను కొలవడం, చదవదగిన వస్తువును చేతిలో పెట్టడం, చప్పట్లు ఆగిన తర్వాత ఫీజు సంగతి పట్టించుకోవడం అనే పనులు ఒకే మనిషి ద్వారా జరగడం మాత్రం అతిశయోక్తి కాదు. అద్దాల బీరువాలో దుమ్ము పట్టే జ్ఞాపికల కోసం ఏటా వెచ్చించే సొమ్ముతో ఇంతకంటే మంచి పని చేయవచ్చునని చిరంజీవికి వేరే చెప్పనక్కరలేదు.

ఎవరిని దాటాడన్నది కాక ఏది పట్టుబడిందన్నది చూసే పద్ధతి కోనసీమకు కొత్తదేమీ కాదు. నేదునూరు, వ్యాఘ్రేశ్వరం వంటి అగ్రహారాల్లో వేదాధ్యయనం మెట్లు మెట్లుగా సాగేది: మంత్రాన్ని ఉన్నదున్నట్లు చదివే సంహిత, పదాలను విడదీసే పదపాఠం, రెండేసి పదాలను గొలుసుగా కలుపుకుపోయే క్రమం, అదే జంటను ముందుకూ వెనక్కూ తిప్పి చదివే జట, దానికి మూడో పదాన్ని కూడా చేర్చే ఘన. పండితుల ఎదుట పరీక్షకు నిలిచి, వారు అందించిన చోటు నుంచి తడబడకుండా చెప్పగలిగినవాడు ఘనపాఠి. ఒకే వీధిలో నలుగురు ఘనపాఠులు ఉంటే ఒకరి వల్ల మరొకరి గౌరవం తగ్గేది కాదు. ఆ విద్య ఊళ్లో ఎక్కువమందికి అందకుండానే ఉండిపోయింది కనుక దానిని ఆదర్శమని పొగడడం కుదరదు గాని, పరీక్షించే ఆ పద్ధతిని నేటి బడికి తెచ్చుకోవడంలో తప్పు లేదు. గణితంలో రేఖాగణిత సిద్ధాంతాలన్నింటినీ బోర్డు మీద నిరూపించగలిగిన ప్రతి బాలుడికీ, వారు ఇద్దరైనా ఇరవై మందైనా, ఆ సంగతి స్పష్టంగా రాసిన ప్రశంసాపత్రం ఇవ్వవచ్చు.

బయలుదేరిన చోటును లెక్కలోకి తీసుకోవడం ప్రభుత్వ నిబంధనల్లోనూ ఉంది. పదో తరగతి మార్కుల ఆధారంగా చేర్చుకునే రాజీవ్ గాంధీ ట్రిపుల్ ఐటీల్లో, ప్రభుత్వ, స్థానిక సంస్థల పాఠశాలల్లో రోజూ ఇంటి నుంచి వచ్చి చదివినవారికి డిప్రివేషన్ స్కోరు పేరిట, అంటే వసతుల లేమికి పరిహారంగా, 4 శాతం కలుపుతున్నారు. కోనసీమలో ఆ లేమికి మరో రూపం వరద: 2022 జులైలో ధవళేశ్వరం వద్ద 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు పారినప్పుడు మునిగిన లంక గ్రామాల పిల్లల వంటివారు, కాజ్‌వే మునిగితే పడవెక్కి బడికి రావలసినవారు, తెచ్చుకున్న 480 మార్కులను ఏటిగట్టుకు ఇవతల ట్యూషన్ చెప్పించుకున్నవాడి 540 పక్కన పెట్టి కొలవడం న్యాయం కాదు. తొమ్మిదో తరగతి నుంచి పదికి ఎవరు ఎంత ఎదిగారో మార్కుల రిజిస్టరే చెబుతుంది. వేదిక మీద అది కూడా చదివి వినిపించాలి.

వేదిక దాటి ఊరంతా ర్యాంకులు చాటడం మాత్రం వద్దు: ర్యాంకుల ప్రకటనలను ప్రభుత్వం 2022లో నిషేధించిన సంగతి చిరంజీవికి తెలిసిందే. గడియారస్తంభం సెంటర్లో ఫ్లెక్సీ కట్టించాలని ఎవరైనా ఉత్సాహపడితే ఆ ఉత్తర్వు చూపిస్తే సరిపోతుంది.

బాలుర పాఠశాలకు ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. 2025 పదో తరగతి పరీక్షల్లో రాష్ట్రంలో బాలికలు 84.09 శాతం, బాలురు 78.31 శాతం ఉత్తీర్ణులయ్యారు. బాలురు మాత్రమే ఉన్న చోట మొదటి స్థానం ఈ తేడాను కప్పిపుచ్చుతుంది. పైగా చదివేవాడిని పుస్తకాల పురుగని వెక్కిరించే వయసు అది, కనుక కబడ్డీ కప్పు తెచ్చినవాడినీ భౌతికశాస్త్రంలో మెరిసినవాడినీ ఒకే సభలో పిలవడం మేలు. ముందే ఆశ చూపించడం మాత్రం మంచిది కాదు: 1973లో అమెరికాలో లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు, బొమ్మలు గీయడం ఇష్టమైన చిన్నపిల్లల్లో కొందరికి బహుమతి ఇస్తామని ముందే చెప్పి గీయించినప్పుడు, తర్వాత వారు తమంతట తాము గీయడానికి వెచ్చించిన సమయం తగ్గింది, చెప్పకుండా ఇచ్చినవారిలో అలా జరగలేదు.

ఎనిమిదో తరగతిలో రాసే జాతీయ ఉపకారవేతన పరీక్ష, అంటే ఎన్.ఎం.ఎం.ఎస్., గురించి వేరే సభ అక్కరలేదు, దరఖాస్తు గడువు దాటకుండా చూస్తే చాలు. కుటుంబ వార్షికాదాయం మూడున్నర లక్షలకు మించని బాలుడు అందులో ఎంపికైతే ఇంటర్ పూర్తయ్యేదాకా ఏడాదికి 12,000 రూపాయలు వస్తాయి. సత్కార సభకు తల్లిదండ్రులను పిలిచేటప్పుడు, తల్లి ఉపాధి కోసం కువైట్‌లోనో మస్కట్‌లోనో ఉన్న ఇళ్లలో బాలుడిని చదివించింది అమ్మమ్మో నాయనమ్మో అన్నది గుర్తుంచుకుని, ఆహ్వానపత్రం ఆమె పేరిటే పంపాలి.

ఇక దాతల మాట. తల్లిదండ్రుల జ్ఞాపకార్థం బ్యాంకులో లక్షో రెండు లక్షలో డిపాజిట్ చేసి, ఏటా వచ్చే వడ్డీతో బహుమతి ఇవ్వమనే పూర్వ విద్యార్థులు ఈ ప్రాంతంలో దొరుకుతారు. బహుమతికి వారి పెద్దల పేరు పెట్టడం సబబే గాని, ఎంపికలో వారి మాట చెల్లకూడదు, కులాన్ని బట్టి ఇవ్వాలన్న షరతును అసలు ఒప్పుకోకూడదు. ఈ నిబంధనలను చెక్కు చేతికి రాకముందే కాగితం మీద రాయించుకోవడం ఉత్తమం. వచ్చిన తర్వాత రాయించాలంటే గోదావరి మొహమాటం అడ్డొస్తుంది.